గట్టు మీద జీపు.. లంకలోంచి మాట

సెల్లు మూగబోయిన రోజున చేతిలోని చిన్న సెట్టుతో జీపులోని పెద్ద సెట్టును నడిపే విధానం

సార్వా కోతలు మొదలయ్యే రోజులు. సగం చేలు కోసి పనల మీద ఉంటాయి, సగం ఇంకా నిలిచి ఉంటాయి. సరిగ్గా అప్పుడే తుపాను కబురు వస్తుంది. సాయంత్రానికి గాలి లేస్తుంది, రాత్రికి కరెంటు పోతుంది, తెల్లారేసరికి సెల్‌ఫోనులో సిగ్నలు గీతలు కూడా పోతాయి. ఏటికి అవతల లంకలో పాకలు నిలిచాయో లేదో, మకాంలో కట్టేసిన గొడ్లు ఏమయ్యాయో గట్టు మీద ఉన్నవాడికి తెలియదు. గట్టు దాకా పడవలు వచ్చాయన్న సంగతి లంకలో ఉన్నవాడికి తెలియదు. మధ్యన ఉన్నది రెండు మూడు కిలోమీటర్లే.

డెల్టా రైతులకు ఇది కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేలమంది పోయారు. ఎంత నష్టం జరిగిందో బయటివాళ్ళకు పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది. 1996 నవంబరు 6న కోనసీమ తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు, లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి. ఇప్పుడు సెల్లులు వచ్చాయి గదా అనుకుంటే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నం అంత నగరంలోనే ఫోన్లు మూగబోయాయి. టవరు నిలబడినా దానికి కరెంటు ఉండాలి, డీజిలు ఉండాలి, వెనకనున్న కేబులు తెగకుండా ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి పోయినా చేతిలో ఫోను ఉండీ లేనట్టే.

అలాంటి రోజున పనికొచ్చేది వైర్‌లెస్ సెట్టు. పోలీసులకు, రెవెన్యూ వారికి వైర్‌లెస్ ఉంది. లైసెన్సు తీసుకుని సొంతంగా నడుపుకునే ‘హామ్’ రేడియో వాళ్ళు కూడా ఉన్నారు. 1999 ఒడిశా పెనుతుపానులోనూ, 2001 గుజరాత్ భూకంపంలోనూ హామ్ ఆపరేటర్లు సెట్లు మోసుకెళ్ళి కబుర్లు అందించారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్ అనే మహిళా ఆపరేటరు వేరే పని మీద పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నారు. అప్పటికే బిగించి ఉన్న తన సెట్టుతో అండమాన్ నుంచి ప్రధాన భూభాగానికి సమాచారం చేరవేశారు.

అయితే సెట్టున్న జీపు రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. గండి పడ్డచోట, రేవు దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణుంచి మనిషి పడవ మీదో, మొలలోతు నీళ్ళలోనో లంకలోకి వెళ్ళాలి. ఆ చివరి రెండు మూడు కిలోమీటర్ల కబురు ఎలా? దీనికి హామ్ రేడియో వాళ్ళ దగ్గర ఓ ఉపాయం ఉంది. జీపులోని పెద్ద సెట్టును, చేతిలోని చిన్న సెట్టుతో దూరాన్నుంచే నడపడం.

చేతిసెట్టు ఒక్కటే చాలదా?

ఈ పద్ధతిని ఈ విలేకరి ఒక లంక ఊళ్ళో చూశాడు. చూపించినాయన మోటార్ల వైండింగు పని చేసే మెకానిక్కు. హామ్ లైసెన్సు ఉంది. ముందుగా చేతిసెట్టు ఒక్కటే పట్టుకుని లంక మధ్య నుంచి సుమారు 20 కిలోమీటర్ల అవతల పట్నంలో మేడ మీదున్న స్నేహితుణ్ణి పిలిచాడు. జల్లు కురిసిన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

వాకీటాకీ అని మనం పిలిచే చేతిసెట్టుకు సాధారణంగా 5 వాట్ల పవరు ఉంటుంది. జీపులో బిగించే సెట్టు 50 వాట్ల దాకా ఇస్తుంది, అంటే పదిరెట్లు. ఇక్కడ పవరు ఒక్కటే కాదు. ఈ తరంగాలు దాదాపు చూపు మేరకే సాగుతాయి. చేతిసెట్టు మనిషి ఎత్తులోనే ఉంటుంది. దాని యాంటెన్నా జానెడు రబ్బరు ముక్క. మన ఒళ్ళు కొంత తరంగాన్ని తాగేస్తుంది, అడ్డమొచ్చిన కొబ్బరితోట ఇంకొంత తాగేస్తుంది, ఆకులు తడిసి ఉంటే మరీను. జీపు యాంటెన్నా పొడుగ్గా ఇనప టాపు మీద నిలబడి ఉంటుంది. ఆ జీపును ఏటిగట్టు ఎక్కిస్తే ఇంకా ఎత్తు కలిసొస్తుంది.

అందుకే చేతిసెట్టు జీపు దాకా చేరితే చాలు. అక్కణ్ణుంచి పట్నం దాకా మోసే పని జీపుది.

ఇదీ ఒక ఎత్తిపోతలే

బోదెలో నీరు చేనుకు ఎక్కకపోతే ఏం చేస్తాం? చిన్న ఇంజనుతో తొట్టిలోకి తోడి, అక్కణ్ణుంచి పెద్ద మోటారుతో పైకాలవలోకి ఎత్తిపోస్తాం. జీపు సెట్టు చేసే పనీ అదే.

ఈ పనికి రెండు బ్యాండ్ల మీద పనిచేసే సెట్టు కావాలి. మన దేశంలో హామ్ వాళ్ళకు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు ఒక బ్యాండు, 434 నుంచి 438 వరకు ఇంకో బ్యాండు ఉన్నాయి. మొదటిదాన్ని వీహెచ్ఎఫ్ అంటారు, రెండోదాన్ని యూహెచ్ఎఫ్. లంకలోని మనిషి చేతిసెట్టుతో యూహెచ్ఎఫ్ మీద మాట్లాడతాడు. జీపు సెట్టు ఆ మాట విన్న క్షణంలోనే దాన్ని వీహెచ్ఎఫ్ మీద పెద్ద పవరుతో బయటకు పంపుతుంది. పట్నం నుంచి జవాబు వీహెచ్ఎఫ్ మీద వస్తే దాన్ని యూహెచ్ఎఫ్‌లోకి మార్చి లంకకు పంపుతుంది. దీన్ని వాళ్ళు క్రాస్‌బ్యాండ్ రిపీటర్ అంటారు. వినే బ్యాండు వేరు, పంపే బ్యాండు వేరు కాబట్టే ఒకే సెట్టు ఒకేసారి వింటూ పంపగలుగుతుంది.

రెండోసారి మెకానిక్కు ఈ పద్ధతిలోనే పిలిచాడు. ఈసారీ పలకలేదు. జీపును రేవు పక్కన రేకుల షెడ్డు వెనకాల ఆపారట. డ్రైవరు దాన్ని వంద గజాలు నడిపి గట్టు ఎక్కించాడు. పట్నం నుంచి మాట పక్కింట్లోంచి వచ్చినంత తేటగా వచ్చింది. రేకూ, ఎత్తూ చేసిన తేడా అది.

పక్కన నుంచున్న ఓ పెద్దాయన అంతా చూస్తూ ఉన్నాడు. లంకలో ఆయనకు ఎకరంన్నర కూరగాయల సాగు ఉంది. “తొంభైఆరులో మా తమ్ముడి కుటుంబం ఇక్కడే ఉండిపోయింది. రెండు రోజులు ఆ గట్టు మీదే నుంచున్నాను, అవతల పొయ్యి పొగ లేస్తుందేమోనని చూస్తూ” అన్నాడు.

స్టార్టరు తెలిస్తే ఇదీ తెలిసినట్టే

జీపులో మనిషి ఉంటే సరే. అతను కూడా పడవలో సాయానికి వచ్చేస్తే, జీపు సెట్టు ఛానలు మార్చేదెవరు? పవరు తగ్గించేదెవరు?

బోరు మోటారుకు సెల్‌ఫోను స్టార్టరు పెట్టుకున్న రైతులకు దీని జవాబు తెలుసు. స్టార్టరులోని సిమ్ము నంబరుకు ఫోను చేసి ఒక అంకె నొక్కితే మోటారు తిరుగుతుంది, ఇంకో అంకె నొక్కితే ఆగుతుంది. అంకె నొక్కినప్పుడల్లా ‘కీఁ’ మని వినపడే శబ్దం ఒకటి కాదు, రెండు స్వరాలు కలిసినది. ‘1’ నొక్కితే 697, 1209 హెర్ట్జ్ స్వరాలు కలిసి వెళతాయి. అవతలి పరికరం ఆ జంటను బట్టి అంకెను గుర్తుపడుతుంది. దీన్నే డీటీఎంఎఫ్ అంటారు.

అంకెల బటన్లున్న చేతిసెట్లు చాలావరకు ఇవే స్వరాలు పంపగలవు. జీపు సెట్టులో ఆ సదుపాయం ఉంటే, ముందు దానికి పెట్టుకున్న రహస్య సంఖ్య నొక్కాలి. సెట్టు తలుపు తీస్తుంది. ఆపైన ఏ బటనుకు ఏ పనో ఆ ప్రకారం ఛానలు మార్చవచ్చు, పవరు పెంచవచ్చు, తగ్గించవచ్చు. పని అయ్యాక మళ్ళీ తలుపు మూయాలి.

కెన్‌వుడ్ వారి టీఎం-వీ71ఏ వంటి సెట్లలో ఈ రెండు పనులూ ఉన్నాయి. కొన్ని సెట్లు మాటను మోస్తాయి గానీ దూరాన్నుంచి చెబితే వినవు. ఒకే మోడలులో కూడా అమ్మే దేశాన్ని బట్టి తేడా ఉండవచ్చు. కొనేవాళ్ళు ముందే అడిగి, చేయించి చూసుకోవాలి. రహస్య సంఖ్యను గట్టి తాళమనుకోవడం కూడా పొరపాటే. ఆ స్వరాలు గాలిలో వెళతాయి గనుక ఎవరైనా వినవచ్చు.

ఎక్కడ బెడిసికొడుతుంది?

మోటారు కట్టేయడం మర్చిపోతే ఏమవుతుందో రైతుకు చెప్పక్కర్లేదు. నీరు లేకుండా తిరిగి వైండింగు కాలుతుంది. జీపు సెట్టుకూ అలాంటి ప్రమాదం ఉంది. ఆ రోజు కూడా కాసేపు అలాగే జరిగింది. ఎవరూ మాట్లాడకుండానే జీపు సెట్టు పంపుతూనే ఉంది. ముట్టుకుంటే చెయ్యి కాలేటంత వేడెక్కింది. ‘టోను’ పెట్టడం మర్చిపోవడమే కారణమని మెకానిక్కు వెంటనే ఒప్పుకున్నాడు.

టోను అంటే మాటతోపాటు సన్నగా వెళ్ళే ఒక బొంగురు శబ్దం. అది మన చెవికి తెలియదు. ఆ టోను ఉన్న మాటనే జీపు సెట్టు మోస్తుంది, మిగతా గోలను పట్టించుకోదు. యజమాని గొంతుకే లేచే కుక్కలాంటిదన్నమాట. టోను పెట్టకపోతే పక్కనున్న ఇంజను రొదకో, దూరపు సెట్టు గోలకో కూడా లేచి పంపడం మొదలుపెడుతుంది. అందుకని రెండు బ్యాండ్ల మీదా టోను పెట్టాలి. ఏకబిగిన మూడు నిమిషాలు పంపితే దానంతటదే ఆగేలా సమయం కట్టు కూడా పెట్టుకోవాలి.

ఇంకో చిక్కుంది. పట్నం నుంచి మాట వస్తున్నంతసేపు జీపు సెట్టు దాన్ని లంకకు పంపుతూ ఉంటుంది. ఆ సమయంలో లంక నుంచి వచ్చే మాట గానీ అంకెలు గానీ దానికి వినపడవు. మధ్యలో ఆపుదామన్నా ఆపలేం. కాబట్టి అవతలివాళ్ళు చిన్న చిన్న మాటలుగా చెప్పాలి. ప్రతి మాట తర్వాత రెండు మూడు క్షణాలు ఖాళీ వదలాలి. అత్యవసరమైన కబురు ఆ ఖాళీలోనే దూరాలి.

బ్యాటరీ లెక్క

“అది సరేగానీ అబ్బాయ్, నీ జీపు బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుంది?” అని పెద్దాయన అడిగాడు.

“ఎన్నాళ్ళో కాదు బాబాయ్, ఎన్ని గంటలో చూసుకోవాలి” అన్నాడు మెకానిక్కు. ఆయన వేసిన లెక్క ఇది.

సెట్టు ఊరికే వింటూ ఉన్నా గంటకు సుమారు ఒక ఆంపియరు తింటుంది. రోజుకు 24 అయింది. పూర్తి పవరుతో పంపేటప్పుడు 12 ఆంపియర్ల దాకా లాగుతుంది. గంటలో పది నిమిషాలు పంపినా రెండు ఆంపియర్ అవర్లు పోతాయి. రోజుకు 48. రెండూ కలిపితే 72. జీపు బ్యాటరీ మొత్తం శక్తే ఇంచుమించు 60 నుంచి 80 ఆంపియర్ అవర్లు. సగం దిగిపోతే ఇంజను స్టార్టు కావడమే కష్టం. అంటే పొద్దున పెట్టిన సెట్టు చీకటిపడే లోపే జీపును కదలకుండా చేయగలదు.

దీనికి రెండే మార్గాలు. పనికి సరిపడినంత పవరు మాత్రమే వాడాలి. 10 వాట్లతో పట్నం వినగలిగితే 50 వాట్లు దండగ. పవరు తగ్గించడానికి గట్టు దాకా రానక్కర్లేదు, లంకలోంచే అంకెలు నొక్కితే చాలు. ఇక రెండోది, రెండు మూడు గంటలకోసారి ఇంజను కాసేపు తిప్పి ఛార్జి ఎక్కించడం. అంటే జీపు దగ్గర ఒక మనిషి ఉంటేనే మేలు.

“మా ట్రాక్టరు బ్యాటరీకి పనిచేయదూ?” అని ఇంకో రైతు అడిగాడు.

“ఆయ్, చేస్తుందండి” అని జవాబు. మన ట్రాక్టర్లలో సాధారణంగా ఉండేది 12 వోల్టుల బ్యాటరీయే, ఈ సెట్టుకు కావలసిందీ అదే. జీపు దిగబడే బురదలో ట్రాక్టరు పోతుంది. సెట్టును, యాంటెన్నాను ట్రాక్టరుకు మార్చుకుంటే గట్టు తెగినచోటకి కూడా తీసుకుపోవచ్చు. ప్లస్సు, మైనస్సు తారుమారు కాకూడదు. ఫ్యూజు లేకుండా తీగె నేరుగా బ్యాటరీకి కట్టకూడదు. బ్యాటరీతో నడిచే మందు పిచికారీ పంపుల్లోనూ 12 వోల్టుల బ్యాటరీయే ఎక్కువగా ఉంటుంది. చేతిసెట్టుకు కారు ఛార్జరు ఉంటే ఆ బ్యాటరీ నుంచి ఛార్జి ఎక్కించుకోవచ్చు. తుపాను కబురు రాగానే పంపు బ్యాటరీని కూడా నిండా ఛార్జి చేసి ఎత్తుగా పెట్టుకోవడం మంచిది.

కబురు ఇలా చెప్పాలి

సెట్టు బాగున్నా కబురు బాగోకపోతే ఉపయోగం లేదు. “ఇక్కడ చాలా ఘోరంగా ఉంది, వెంటనే రండి” అంటే అవతలివాడికి ఏం తీసుకురావాలో తెలియదు. ముందు కాగితం మీద రాసుకుని, ఈ వరుసలో చెప్పాలి:

• ఎక్కడ: లంక పేరు, ఏ రేవుకు ఎంత దూరం.
• ఎందరు: గడపలు, మనుషులు, పసిపిల్లలు, ముసలివాళ్ళు, నెలలు నిండినవాళ్ళు, దెబ్బలు తగిలినవాళ్ళు.
• గొడ్లు: ఎన్ని, గట్టు ఎక్కించారా, మేత ఉందా.
• నీళ్ళు: పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా, తాగేవి ఉన్నాయా.
• ఏం కావాలి: పడవ, మందులు, అన్నం, టార్పాలిను. ఎన్ని కావాలో అంకెతో చెప్పాలి.

ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట్లాడరాదు. చెప్పడం అయ్యాక ‘ఓవర్’ అనాలి. అవతలివాడు కబురంతా తిరిగి చదివి వినిపించాలి. ‘ఆరు పడవలు’ ‘నూరు పడవలు’గా వినపడే రోజులవి. వైర్‌లెస్ మాట అందరూ వింటారు. కళ్ళతో చూడని చావు కబురు, గండి కబురు దీంట్లో చెప్పకూడదు.

లైసెన్సు లేకుండా వద్దు

బజారులోనూ ఆన్‌లైనులోనూ చౌకగా దొరుకుతున్నాయని చేతిసెట్లు కొనేవాళ్ళున్నారు. హామ్ బ్యాండ్ల మీద మాట్లాడాలంటే కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. 12 ఏళ్ళు నిండినవారు ఈ పరీక్ష రాయవచ్చు. లైసెన్సు తరగతిని బట్టి వాడదగిన పవరుకు హద్దు ఉంటుంది. సెట్టు 50 వాట్లదైనా అందరూ 50 వాట్లు వాడకూడదు. జీపు సెట్టును రిపీటరుగా పెట్టే ముందు లైసెన్సు షరతులు అధికారులను అడిగి తెలుసుకోవాలి. జీపు సెట్టు పంపే ప్రతి మాటకూ లైసెన్సుదారుడే బాధ్యుడు. అతని కాల్‌సైను చెప్పి మాట్లాడాలి.

446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవరు చేతిసెట్లకు 2018 నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది. అవి చేలో ఈ చివర నుంచి ఆ చివరకు మాట్లాడుకోవడానికి పనికొస్తాయి గానీ హామ్ వాళ్ళ జీపు సెట్టుతో కలపడానికి కాదు. లైసెన్సు కావలసిన సెట్లను ఆ సంగతి చెప్పకుండా ఆన్‌లైనులో అమ్మరాదని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. హైదరాబాదులో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వంటి సంస్థలు హామ్ రేడియోలో శిక్షణ ఇస్తూ వచ్చాయి.

ఊరు చేయాల్సిన పని

ఎకరం రెండెకరాల రైతు ఈ సెట్లు కొనాలని ఎవరూ అనరు. డబ్బు పెట్టకుండా ఊరు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

1. చదువుకున్న కుర్రాళ్ళను, అమ్మాయిలను ఇద్దరినైనా ఈ పరీక్షకు పంపాలి. ఇంటర్మీడియెట్ చదివినవారు కూర్చుని చదివితే నేర్చుకోగల విషయమే.

2. రోడ్డు తెగినా జీపు ఎక్కగలిగే ఎత్తయిన చోటు ఏదో ముందే చూసి పెట్టుకోవాలి. రేకుల షెడ్డు, పెద్ద చెట్లు, కరెంటు తీగెలు పక్కన ఉండరాదు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు గట్టు మీద యాంటెన్నా దగ్గర నుంచోకూడదు.

3. లంకలో ఏ ఇంటి దగ్గర నుంచి జీపుకు మాట అందుతుందో ఎండరోజునే నడిచి చూసుకోవాలి. అందే చోటుకు ఒక గుర్తు పెట్టుకోవాలి. తడిసిన ఆకుల మధ్య అది ఇంకాస్త తగ్గుతుందని గుర్తుంచుకోవాలి.

4. ఎవరి ట్రాక్టరు బ్యాటరీ మంచిది, పడవ ఎవరిది, గెడ వేసేదెవరు అన్నది అక్టోబరు లోపే పంచాయతీలో రాసి పెట్టుకోవాలి.

ఆ సాయంత్రం వచ్చేసే ముందు పెద్దాయన చేతికి సెట్టు ఇచ్చి, లైసెన్సుదారుడైన మెకానిక్కు పక్కనే ఉండి తన కాల్‌సైను చెప్పి, మాట్లాడమన్నాడు. పెద్దాయన కాసేపు తటపటాయించి, “ఇక్కడ అందరం బాగానే ఉన్నాం.. ఓవర్” అన్నాడు. రెండు క్షణాల తర్వాత పట్నం నుంచి అదే మాట తిరిగి వినపడింది. పెద్దాయన సెట్టు వెనక్కి ఇస్తూ, “మా మనవడు ఇంటరు రెండో సంవత్సరం. ఆ పరీక్ష పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?” అని అడిగాడు.